ఇప్పుడే వెళ్ళొచ్చినవాళ్ళు ముందుకు

రుమాళ్ళ డ్రైవరు ఎవరని అడిగితే బస్సు డిపోలో ఎవరైనా వేలు పెట్టి చూపిస్తారు. యాభై రెండేళ్ళ మనిషి, బుర్రమీసాలు, స్టీరింగు ముందు కూర్చుంటే కొండలా ఉంటాడు. ఆ కొండకి ఆరేళ్ళుగా ఒకటే చిక్కు. పావుగంటకోసారి ఒంటికి వస్తుంది. వచ్చిందంటే అర నిమిషం కూడా గడువివ్వదు.

రూటు మీద ఒక బట్టల షాపుంది. ఏదో ఒకటి కొన్నవాళ్ళనే లోపలి బాత్రూముకి పంపిస్తారు. అక్కడ అన్నిటికంటే త్వరగా కొనగలిగింది రుమాలు. అలా కొనీ కొనీ ఇంట్లో బీరువా రెండు అరలు రుమాళ్ళతో నిండిపోయాయి.

"ఏవండీ, మనిద్దరికీ కలిపి ఉన్నవి రెండు ముక్కులే కదా?" అని భార్య ఒకసారి అడగనే అడిగింది.

"జలుబు చేస్తుందేమోనని," అన్నాడు డ్రైవరు, నీళ్ళు నములుతూ.

ప్రయాణికులకి చెప్పే అబద్ధాలు వేరే. ఇంజను వేడెక్కిందనేవాడు, టైరులో గాలి చూడాలనేవాడు. ఉన్నమాట చెప్పొచ్చు కదా అంటే, చెబితే బస్సంతా గొల్లుమంటుంది. గుండె జబ్బు వచ్చినవాణ్ణి చూసి అయ్యో అనే లోకం, ఈ జబ్బు పేరు చెప్పగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. అదేం న్యాయమో నాకైతే అర్థం కాదు.

అలా నెట్టుకొస్తుండగా ఒకరోజు కొంప మునిగింది. సిగ్నల్లో పచ్చదీపం వెలిగింది. బస్సులో నలభై మంది ఉన్నారు, స్టీరింగు ముందు మాత్రం ఎవరూ లేరు. వెనక వాహనాలు హారన్లతో ఊరెత్తేశాయి. డ్రైవరు చేతిలో కొత్త రుమాలుతో బట్టల షాపులోంచి పరుగెత్తుకొచ్చాడు.

మర్నాడు డిపో మేనేజరు పిలిపించాడు. "ఏంటయ్యా ఇది? నీకేం రోగమో నాకనవసరం. నెలాఖరులోగా స్పెషలిస్టు దగ్గర్నుంచి ఫిట్ అని కాగితం పట్రా. లేదంటే బస్సు దిగి టైర్ల షెడ్డులో కూర్చో."

ఇరవై ఆరేళ్ళుగా డ్రైవరు చేతికి తెలిసింది స్టీరింగు చక్రమొక్కటే. అది లేకపోతే తను ఎవరో తనకే తెలియదు.

వీధి డాక్టరు నీళ్ళు తగ్గించమన్నాడు. పక్కవీధి డాక్టరు నీళ్ళు పెంచమన్నాడు. మూడో ఆయన చక్కెర పరీక్ష చేయించి, చక్కెర లేదని తేల్చి, పెద్దాసుపత్రిలో మూత్రకోశ నిపుణుడున్నాడని చీటీ రాసిచ్చాడు. ఆయన శుక్రవారాలు మాత్రమే చూస్తాడు. నెలాఖరుకి ఇంకా మూడు శుక్రవారాలున్నాయి.

మొదటి శుక్రవారం ఏడో నంబరు టోకెను దొరికింది. హాల్లో ముప్పై మంది ఉన్నారు. ఒక్కరూ కాలు కదపకుండా కూర్చోలేకపోతున్నారు. బాత్రూము వరండా చివర ఎక్కడో ఉంది. గది తలుపు దగ్గర అటెండరు పిలుస్తున్నాడు.

"నంబరు ఒకటి! ఒకటి! ఒకటి!"

ఒకటో నంబరాయన బాత్రూములో ఉన్నాడు.

"ఒకటి రాలేదు, చివరికి! నంబరు రెండు!"

రెండో నంబరావిడ బాత్రూము బయట వరసలో ఉంది. మూడు, నాలుగు, అయిదు, ఆరు అందరూ అక్కడే ఉన్నారు. ఏడు అని పిలిచేసరికి డ్రైవరు కూడా అక్కడే ఉన్నాడు. రొప్పుతూ పరుగెత్తుకొచ్చి బతిమాలాడు.

"మూడుసార్లు పిలిచాక రాకపోతే చివరికి పోవాలి. రూలు రూలే," అన్నాడు అటెండరు.

"ఇక్కడ చూసేది ఆ జబ్బునే కదయ్యా!"

"అందుకే కదా మూడుసార్లు పిలుస్తున్నాం. కళ్ళ డాక్టరు దగ్గర ఒక్కసారే."

పొద్దుగూకేదాకా నంబర్లు గుండ్రంగా తిరిగాయి. ఒక్కరు కూడా గడప దాటలేదు. రెండో శుక్రవారమూ అంతే.

మూడో శుక్రవారానికి డ్రైవరు తన బస్సు కండక్టరమ్మని వెంటబెట్టుకుని వెళ్ళాడు. పన్నెండేళ్ళుగా ఒకే బస్సులో పనిచేస్తున్నారు. మోకాలి నొప్పి, తోడు రా చెల్లెమ్మా, అని చెప్పాడు. ఆమె హాలు బయట బోర్డు చదివింది. డ్రైవరు వంక చూసింది. వచ్చి పక్కన కూర్చుంది.

గంటసేపు ఆ తతంగం చూశాక ఆమెకి ఒళ్ళు మండిపోయింది. లేచి, పర్సులోంచి విజిలు తీసి గట్టిగా ఊదింది. హాలంతా ఉలిక్కిపడింది.

"టోకెన్లన్నీ ఇటివ్వండి! ఇప్పుడే వెళ్ళొచ్చినవాళ్ళు ముందుకు రండి! వెళ్ళాలనుకునేవాళ్ళు వెనక్కి జరగండి! జరగాలమ్మా, లోపలికి జరగాలి!"

రోజూ రద్దీ బస్సు సర్దే గొంతు అది. ముప్పై మందీ టోకెన్లు ఆమె చేతిలో పెట్టారు. బాత్రూము తలుపు తీసుకుని ఎవరొస్తే వాళ్ళకి, అటెండరు పిలవబోయే నంబరు టోకెను టికెట్టు ఇచ్చినట్టు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట వచ్చింది డ్రైవరే.

"నంబరు మూడు!"

బుర్రమీసాల డ్రైవరు వెళ్ళి నిలబడ్డాడు. అటెండరు రిజిస్టరులోకి చూసి నోరు తెరిచాడు. "మూడో నంబరు ఆడమనిషి కదా?"

"మీ రూలు నంబరుకా, మనిషికా?" అంది కండక్టరమ్మ.

అటెండరు రిజిస్టరు మళ్ళీ తిరగేశాడు. చివరికి నంబరుకే అని ఒప్పుకుని తలుపు తీశాడు.

లోపల నిపుణుడు పేపర్లో వచ్చిన పెళ్ళి ప్రకటనలు చదువుకుంటున్నాడు. మనిషిని చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పేషెంటేనా? నిజంగా? నాలుగు నెలలైందండీ నేను పేషెంటుని చూసి! ఈ ఊళ్ళో ఎవరికీ ఈ జబ్బు లేదని పై ఆఫీసుకి రిపోర్టు కూడా రాసేశాను!"

డ్రైవరుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కుర్చీలో కూలబడి, కట్టుకున్న పెళ్ళానికి కూడా ఆరేళ్ళుగా చెప్పని సంగతి గడగడా చెప్పేశాడు. రుమాళ్ళ సంగతితో సహా. చెబుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిపుణుడు నవ్వలేదు. ప్రశ్నలడిగాడు, పరీక్ష చేశాడు, మందు రాశాడు. కండరాలు బిగించి వదిలే కసరత్తు నేర్పాడు. వచ్చిన ప్రతిసారీ పరుగెత్తకుండా, కాస్త కాస్త ఆపడం అలవాటు చేసుకోవాలన్నాడు.

"ఇది చాలామందికి ఉంటుందండీ. తగ్గుతుంది. కొన్ని వారాలు పడుతుంది, అంతే. మరి బయట ఇంకెవరైనా ఉన్నారా?"

"ముప్పై మంది," అన్నాడు డ్రైవరు.

నిపుణుడు వెంటనే కుర్చీ ఎత్తుకుని బయటికి నడిచాడు, బాత్రూము పక్కన వేసుకోవడానికి.

నిపుణుడు రాసిచ్చిన కాగితంలో, బండి నడపడానికి ఫిట్, దారిలో అవసరమైనప్పుడు రెండు నిమిషాలు ఆగనివ్వాలి, అని ఉంది. మేనేజరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ రెండు నిమిషాలు ముందే అడిగి ఉండొచ్చు కదయ్యా?" అని సంతకం పెట్టేశాడు. అడగొచ్చని డ్రైవరుకి ఆరేళ్ళలో ఒక్కసారీ తోచలేదు.

ఒకటో తారీఖు ఉదయం, మొదటి ట్రిప్పు. అయిదో స్టాపులో రోడ్డు పక్కన, బస్సంతా చూసేచోట, పబ్లిక్ బాత్రూములున్నాయి. అందుకే ఇన్నాళ్ళూ వాటి జోలికి పోలేదు. డ్రైవరు బండి ఆపాడు. ఇంజను వేడెక్కింది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. లేచి, వెనక్కి తిరిగి, చెవులు ఎర్రబడుతుండగా గట్టిగా చెప్పాడు.

"రెండు నిమిషాలండీ. ఒంటికి వెళ్ళొస్తాను."

ఎవరూ నవ్వలేదు. ముందు సీట్లో పెద్దాయన లేచాడు. ఆయన వెనక కళ్ళజోడు మాస్టారు లేచారు. చంకలో బిడ్డతో ఒకావిడ లేచింది. దారి దారి అంటూ సగం బస్సు దిగిపోయింది.

డ్రైవరు పని ముగించుకుని బయటికొచ్చేసరికి, ఆడవాళ్ళ వైపు వరసలో అందరికంటే ముందు కండక్టరమ్మ నిలబడి ఉంది.

"నువ్వు కూడానా చెల్లెమ్మా?"

"ఇన్నేళ్ళలో మన బస్సు ఎప్పుడైనా నాకోసం ఆగిందా అన్నా?" అంది ఆమె. "ఈ పన్నెండేళ్ళూ డ్యూటీలో ఉన్నంతసేపు చుక్క మంచినీళ్ళు తాగలేదు నేను."