గేదె తోకా, హద్దు కింద బొగ్గులూ

నాకు పదేళ్లప్పుడు వచ్చిన వరదలో గేదె తోక పట్టుకుని గోదావరి ఈదాను. నలభై ఏళ్లపాటు ఈ సంగతి చెప్పుకుంటూ వచ్చాను. మొదట్లో అది పంటకాలువే. నా పెళ్లయ్యేసరికి నదీపాయ అయింది, మనవలు పుట్టేసరికి అఖండ గోదావరి. చెప్పేకొద్దీ నాకే ఒళ్లు తడిసినట్టుండేది.

అందుకే, మరో వరద వచ్చి మా లంకను ఇసుకతో కప్పేసి హద్దురాళ్లను పీక్కుపోయినప్పుడు, మునసబుగారు నన్నే పిలిపించారు. నాకు వదిన వరసయ్యే ఒకావిడ, భర్త పోయిన మనిషి, ఎకరం పొగాకు చేను మీద బతుకుతోంది. అందులో సగం తనదేనంటున్నాడు పక్క ఆసామి.

"మీకన్నీ గుర్తుంటాయిగా, హద్దెక్కడో చూపించండి" అన్నారు మునసబుగారు.

మా లంకలో హద్దురాయి పాతేముందు గుంటలో బొగ్గులు పోస్తారు. రాయి కొట్టుకుపోయినా బొగ్గు కుళ్లదు, అదే సాక్ష్యం.

నేను మీసం దువ్వుకుని, "ఈదుతుంటే ఆ రాయి నా కాలికి తగిలిందండీ, ఇదిగో ఇక్కడే" అన్నాను. నడుములోతు తవ్వారు. ఇసుక తప్ప ఏమీ లేదు. ఆసామి నవ్వాడు.

"నిలువెత్తు నీళ్లంటివి. తోక పట్టుకుని తేలేవోడికి అడుగున రాయెలా తగిలింది మరిదీ?" అంది వదిన. కోపంగా కాదు, అలసటగా. గట్టున కూలబడి చుట్ట ముట్టించింది.

ఆ పొగ నా ముక్కుకు తగిలింది. ఆ ఘాటుకు మా ఇంటి అటక గుర్తొచ్చింది. అటక వెంట పొగాకు కట్టలు, కట్టల వెంట వాటి మధ్య ముడుచుకున్న నేను, ఆ వెంటే గోడకున్న కంత. ఎవరికీ చెప్పని జ్ఞాపకం కాబట్టి కాబోలు, ఎక్కడా అరగకుండా అలాగే ఉంది.

నోరు విప్పితే గేదె పోతుంది, విప్పకపోతే వదిన చేను పోతుంది.

"నేను ఈదలేదండీ. అటక మీద ఏడుస్తూ కూర్చున్నాను. నీళ్లు తీశాక కూడా దిగలేదు. వదిన మామగారు బొగ్గులు పోసి రాయి పాతడం కంతలోంచి చూశాను. మా నూతి గిలకరాటకు సూటిగా, ఏటి ఒడ్డున."

మునసబుగారు నవ్వు ఆపుకుని, "అయితే ఎక్కండి" అన్నారు.

మనవలు చూస్తుండగా అటకెక్కి కంతకు కన్ను ఆనించాను. ఒడ్డు వెంబడి నడవమని పంపిన మా పాలేరు గిలకరాట చాటుకు రాగానే ఆగమని కేకేశాను. అక్కడ తవ్వితే గంపెడు బొగ్గులు దొరికాయి. గంపెడేం కాదు, రెండు గుప్పిళ్లు.

ఆసామి కర్ర తీసుకుని వెళ్లిపోయాడు. వదిన ఒక బొగ్గుముక్క కొంగున ముడేసుకుంది.

"నువ్వు ఈదుంటే ఇది చూసుండేవోడివి కాదు మరిదీ. దాక్కోబట్టే చూశావు" అంది.

ఆ తరవాత గేదె కథ మానేశాను. పూర్తిగా మానలేదు. ఎప్పుడైనా చెబితే మాత్రం పంటకాలువ దాటనివ్వను.