కుట్టు లోకానికి, మెత్తన మనకు

మా పెద్దమ్మ పోయిన రోజు మన వాడకట్టు వాట్సాప్ గ్రూపులో "జాకెట్లు కుట్టే పెద్దమ్మ ఇక లేరు" అని పెట్టారు. ముందు అది దిద్దుకోండి. ఆమె జన్మలో ఒక్క జాకెట్ కుట్టలేదు. కాశిబుగ్గ ఆడవాళ్ళకు బాడీలు, లోపలి లంగాలు కుట్టింది, అవీ చేత్తోనే. మీలో సగం మంది తొడుక్కున్నారు. ఆ మాట రాయడానికి వేళ్ళు రాలేదు గానీ, దీపం బొమ్మలు మాత్రం వరసగా పెట్టారు.

ఆమెతో వేగడం తేలిక కాదు. బీఏ చదివినదాన్నని కూడా చూడకుండా నాతో ఒకే అంచును ఏడుసార్లు విప్పించింది.

"లోపలిది ఎవరు చూస్తరు పెద్దమ్మా?"

"నీ తోలు చూస్తది బిడ్డా. ఇప్పు."

అతుకులు ఒంటికి ఒరుసుకోకూడదని కుట్టును పైవైపు పెట్టేది. తిరగేసి తొడుక్కున్నారని ఎవరైనా నవ్వితే, "కుట్టు లోకానికి, మెత్తన మనకు" అనేది. ఆరేసిన బాడీల మీద సిగ్గుపడి తువ్వాలు కప్పితే లాగిపారేసేది. "ఎండకు లేని సిగ్గు నీకెందుకే?"

ఆమెకు కొలతల పుస్తకం లేదు. ఉన్నదల్లా ఒక పాత బాడీ. ఆమె అమ్మమ్మకు వాళ్ళమ్మ కుట్టిచ్చింది, అంటే పంతొమ్మిదో శతాబ్దపు గుడ్డ. గుండీలు లేవు, ముందు ముడి. కొత్తది ఏది కత్తిరించాలన్నా దాన్నే పరిచేది. కాగితం మీద గీసుకుంటానంటే, "నేనున్న కదా, ఎందుకు ఫికర్?" అనేది. ఉండలేదు కదా!

పదకొండో నాడు ఆమె కొడుకు, రిటైరైన లెక్చరర్, ఆ పాత బాడీని కవర్లో చుట్టి చెత్తబండికి పట్టుకుపోతున్నాడు. అడ్డం పడ్డాను.

"అక్కా, ఆడోళ్ళ లోబట్టలు ఎవరన్న దాసుకుంటరా? ఇజ్జత్ పోతది."

"నీకు పాలియ్యనీకి గిసొంటి ముడే ఇప్పింది రా మీ అమ్మ. అప్పుడు పోలేదా ఇజ్జత్?"

కవరు నా చేతిలో పెట్టాడు. బండి పాట పాడుకుంటూ వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ బాడీ చంకల దగ్గర చీలుతోంది. ఇంకొక్కసారి పరిస్తే అదే ఆఖరు. కాబట్టి ఆదివారం పొద్దున మీలో ఇద్దరైనా రండి, ఆకారం గీసుకుందాం. పెద్ద న్యూస్‌పేపర్లు, చెక్కిన పెన్సిలు తెండి. గుండుసూదులు వద్దు, గుడ్డ ఓర్చుకోదు. మా ఇల్లు తెలియనివాళ్ళు మేడ మీదికి చూడండి. పెద్దమ్మ కుట్టిన నా బాడీ ఒకటి దండెం మీద ఆరుతుంటుంది, కుట్లు బయటికి, పైన తువ్వాలు లేకుండా.