చీకట్లో చూసి కొన్న ప్రొజెక్టరు

ఆ చర్చిలో మైకు కీచుమన్నా, ఫ్యాను మూలిగినా అందరూ వైర్లన్నయ్య వైపే చూసేవాళ్లు. చదివింది పదో తరగతి, ఆపైన పట్టింది కటింగ్ ప్లేయరు. పనిలో వంక పెట్టడానికి లేదు గానీ, మనిషి పొగడ్తంటే చెవి కోసుకుంటాడు.

ఆయన తల్లికి మాత్రం పదేళ్లుగా చెవులు వినపడవు. అయినా ప్రతి ఆదివారం మొదటి వరసలో కూర్చుంటుంది. చర్చికి ప్రొజెక్టరు కొంటారని తెలియగానే వైర్లన్నయ్య, "ఇక ప్రసంగం నువ్వూ గోడ మీద చదువుకోవచ్చు" అని కాగితం మీద రాసి ఆమెకు చూపించాడు. ఆమె కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదువుకుంది.

ఎంపికకు నలుగురితో కమిటీ వేశారు. నోరు సంఘపెద్దది, తక్కిన ముగ్గురివీ ఊపడానికి తలలు, అందులో ఒకటి వైర్లన్నయ్యది. కొట్టువాడు తెచ్చిన మూడు మిషన్లనూ ఎక్కడ చూశారయ్యా అంటే, మీటింగులు పెట్టుకునే వెనక గదిలో, పొద్దుగూకాక, లైట్లు ఆర్పి! ఆరాధన జరిగేదేమో పొద్దున తొమ్మిదిన్నరకి, తూర్పున నాలుగు నిలువెత్తు కిటికీలున్న హాల్లో. ఆ చీకట్లో అన్నిటికన్నా చిన్న మిషను బొమ్మే సంఘపెద్దకు దివ్యంగా కనిపించింది.

"ఒక్కసారి పొద్దునపూట హాల్లో పెట్టి చూద్దామండీ. ఆ ఎండకి ఈ చిన్నది ఆగదేమో" అని వైర్లన్నయ్య నసిగాడు.

"నీలాంటి ఇంజనీరు మనకుండగా ఎండ ఏం చేస్తుందయ్యా?" అంటూ సంఘపెద్ద భుజం తట్టాడు.

అంతే, నాలుగు కిటికీలూ వైర్లన్నయ్య బుర్రలోంచి ఎగిరిపోయాయి. "మీరన్నాక తిరుగేముందండీ, చిన్నదే కానివ్వండి" అనేశాడు.

మొదటి ఆదివారం గోడ మీద తడి మరకలాంటి వెలుగు తప్ప ఏమీ కనపడలేదు. సంఘపెద్ద తన ఎంపిక తప్పని ఒప్పుకునే రకమా? తప్పంతా సూర్యుడి మీదకు నెట్టి, మరుసటి వారానికల్లా కిటికీలకు నల్లపరదాలు కట్టించాడు. కట్టిందీ వైర్లన్నయ్యే. ఆ చీకట్లో చేతిలోని బైబిలు కనపడక కొందరు తడుముకున్నారు, వెనక వరసలు హాయిగా గురకపెట్టాయి. గోడ మీద గంటసేపూ ప్రసంగం పేరు, దాని కింద ఒక పావురం బొమ్మ. "సినిమా హాలుకేం తీసిపోయింది!" అని సంఘపెద్ద మురిసిపోయాడు.

ఇంటికొచ్చాక వైర్లన్నయ్య ఉత్సాహంగా కాగితం తీసి, "ఎలా ఉందమ్మా?" అని రాశాడు.

"పావురం బాగుందిరా" అంది తల్లి. "ఇన్నేళ్లూ పాస్టరుగారి పెదాలు చూసి సగం సగమైనా పట్టుకునేదాన్ని. ఇప్పుడు ఆయన మొహమే కనపడట్లేదు."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కటింగ్ ప్లేయరు అందుకున్నాడు.

"పరదాలు నువ్వు కష్టపడి కట్టావుగా, ఉండనీలే. వచ్చే వారం నుంచి నేనే ఇంటి దగ్గర ఉంటాను" అంది తల్లి.