పటంలో ఒక వంపు

మా సమాధుల స్థలానికి ప్రహరీ కట్టాలని సంఘం తీర్మానించాక, మొన్న ఆదివారం ఆరాధన ముగియగానే మా అల్లుడు పాత సర్వే పటం నకలు తెచ్చి చర్చి బల్ల మీద పరిచాడు. న్యాల్‌కల్ దారిలోని మా ఊరు అందులో గోరంత ఉంది. బావులు, వాగు, తాటిచెట్లతో సహా గుర్తించిన ఆ మహానుభావులు మా ప్రార్థన గదిని మాత్రం వదిలేశారు. ఊరి నుంచి సమాధుల దాకా కాలిబాట చుక్కల గీతలా ఉంది. "మామా, నేలంత సాపుగనే ఉంది గదా, బాట నడుమల గిట్ల వంకర పోయిందేంది?" అన్నాడు. నాకు తెలుసు.

అది దింపుడు కల్లం. పాడెను అక్కడి బండ మీద దించి, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచేవాళ్లు, ఒకవేళ లేస్తారేమోనని. ఆడవాళ్లు అక్కడి నుంచే వెనక్కి మళ్లేవారు. ప్రభువును నమ్ముకున్నాక కూడా మావాళ్లు ఆ వంపు తిరగడం మానలేదు.

మా పెద్దనాయన ప్రార్థనలో కునికేవాడు గాని, ఆమెన్ మాత్రం అందరికంటే ముందు ఆయనదే. మొగుని పేరు పలకగూడదని పెద్దమ్మ ఆయన పేరు ఏనాడూ ఎత్తలేదు. "ఇగో, ఇనబడ్తుందా?" అంటే ఆయనే. సంఘం రిజిస్టరు కోసం పాస్టరుగారు భర్త పేరు అడిగితే పక్కనున్న నన్ను గిల్లింది. "నువ్ జెప్పరాదు బిడ్డా!" పెద్దనాయన అక్కడే ఉండి, "నా పేరు మర్సిపోయినట్టుంది అయ్యగారూ" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు.

ఆయన పోయేనాటికి నేను బైబిలు శిక్షణ ముగించుకొని కొత్తగా వచ్చాను. వాక్యమంతా నా గుప్పిట్లోనే ఉందనుకునే వయసు. బాట వంపు తిరిగే చోట పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"జర దించుమను బిడ్డా. నేనే పిలుస్త. ఇయ్యాల పిలిస్తె ఎవ్వరేమనరు."

"వాక్యంల లేదు పెద్దమ్మా. దించుడు లేదు" అన్నాను.

మోసేవాళ్లు నా మాట విని చేనుకు అడ్డంగా, సూటిగా నడిచారు. ఆమె ఒక్కతే ఖాళీ బండ దగ్గరికి వెళ్లి నిలబడింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది, నన్నొక్క మాట అనలేదు. ఆ పేరు పలకకుండానే పోయింది. ప్రభువు తన స్నేహితుని సమాధి ముందు నిలబడి, చనిపోయిన అతణ్ణి పేరు పెట్టి పిలిచి లేపాడని ఎన్ని ఆదివారాలు ప్రసంగించానో! ఒక్కసారైనా ఆ బండ గుర్తుకు రాలేదు. ఇప్పుడక్కడ చెరుకు తోట.

అల్లుడికి చివరికి అంతా చెప్పాను. మూడుసార్లు పేరు పిలవడానికి నిమిషమైనా పట్టదు. ఆనాడు ఆ నిమిషం ఇవ్వడం నా చేతిలో ఉండింది. అప్పటి నుంచి దేవుడు నాకిచ్చిన ఏళ్లన్నీ కలిపినా దాన్ని ఆమెకు తిరిగి ఇవ్వలేను.