ఆ మంగళవారం నేను ఆసుపత్రికి వెళ్ళలేదు

దయ్యాలనీ ఆత్మలనీ నేను ఏనాడూ నమ్మలేదు. ఉద్యోగమంతా మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేశాను. మా డ్యూటీ గది పక్కనే శవాల గది ఉండేది. ఎందరి కళ్ళు నా చేత్తో మూశానో లెక్క లేదు. ఒక్క రోజు కూడా తలుపు దానంతటది కదలడం నేను చూడలేదు. తోటి నర్సులు అలాంటి కథలు మొదలుపెడితే నవ్వి ఊరుకునేదాన్ని.

ఇప్పుడు ఇది రాస్తున్నది భయపడి కాదు, సిగ్గుపడి. బహ్రెయిన్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం వాళ్ళు ఈ సంగతిని నా గొప్పతనంగా చెప్పుకుంటున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు కూడా నన్ను చూడగానే దగ్గరకొచ్చి చేతులు పట్టుకుంటున్నారు. జరిగింది జరిగినట్టు రాసిపెడితే అయినా అది ఆగుతుందేమోనని ఆశ.

మాది రాజమండ్రి. మావారు తపాలా శాఖలో చేసి రిటైరయ్యారు. మాకు పిల్లలు లేరు. ఇద్దరం ఖాళీగా ఉన్నామని తెలిసి, మిషన్ ఆఫీసు చూసుకోవడానికి ఇక్కడి సంఘం పెద్దలు మమ్మల్ని పిలిపించారు. మనామాలో ఒక పాత విల్లా. కింద రెండు గదుల్లో ఆఫీసు, పైన మా కాపురం.

ఇక్కడ మా వారం శుక్రవారంతో మొదలై శుక్రవారంతో ముగుస్తుంది. ఆ రోజు మా విల్లాలోనే కింద ఆరాధన. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళలో సెలవు దొరికినవాళ్ళు ఆ రోజే వస్తారు. పాటల కంటే ముందు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడవడం అవుతుంది. ఆదివారం నుంచి ఫోన్లు మొదలవుతాయి. జీతం ఆపేశారనో, వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, పాస్‌పోర్టు ఇవ్వడం లేదనో, ఇంటి దగ్గర అమ్మకి బాగోలేదనో చెబుతారు. సోమవారం సాయంత్రం అస్కర్‌లో కూలీలుండే క్యాంపుకి వెళ్తాం. డ్యూటీ దిగి స్నానాలు చేసి వచ్చిన మగవాళ్ళతో మావారు కూర్చుంటే, నేను పులిహోర వడ్డిస్తాను. మంగళవారం మధ్యాహ్నం ఆసుపత్రుల్లో ఉన్న మనవాళ్ళని చూసి రావడం. నర్సుని కాబట్టి ఆ పని నాకు అప్పగించారు. అది నాకు గర్వంగా కూడా ఉండేది.

ఆ వారం దుర్గ ఫోన్ చేసింది. కోనసీమ అమ్మాయి. అద్లియాలో ఒక హోటల్ వంటగదిలో పనిచేస్తుంది, శుక్రవారాలు మా దగ్గరికి వస్తుంది.

"ఆంటీగారండీ, మా ఊరావిడ సత్యవతని, రిఫాలో ఒకళ్ళింట్లో చేత్తదండి. మెట్ల మీంచి పడిపోయి తుంటి ఎముక ఇరిగిపోయింది. ఆపరేషన్ అయ్యిందంట. పక్కన మనిషి లేదండి. నన్ను డ్యూటీ నించి ఒదలరు. మీరొక్కసారి ఎల్లి సూసి రండి."

సత్యవతిని నేను ఎప్పుడూ చూడలేదు. ఆమె మా సంఘం మనిషి కాదు, వాళ్ళు హిందువులు. అయినా మంగళవారం తప్పకుండా వెళ్తానని మాటిచ్చాను.

మంగళవారం మధ్యాహ్నం భోజనం చేసి, ఆఫీసులో సోఫా మీద నడుం వాల్చాను. బయట ఎండ మండిపోతోంది. మావారు మామీర్‌లో ఎవరినో కలవడానికి కారు తీసుకుని బయల్దేరుతూ, తిరిగొచ్చి నన్ను ఆసుపత్రి దగ్గర దింపుతానన్నారు. నేను ఒంటరిగా పడుకుంటున్నానని గేటుకి బయటి నుంచి తాళం వేసుకుని వెళ్ళారు. ఎప్పుడూ అలాగే వేస్తారు.

కాసేపటికి ఫోన్ చేశారు. "వస్తున్నాను, తయారుగా ఉండు" అన్నారు. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, రేపు వెళ్దాంలెండి అన్నాను. నిజానికి అంత నొప్పేమీ లేదు. లేవబుద్ధి కాలేదు, అంతే. చల్లటి గదిలోంచి ఆ ఎండలోకి పోయి, ముఖం తెలియని మనిషి పక్కన కూర్చుని ఆమె కష్టాలు వినడానికి మనసు రాలేదు. "సరే, పడుకో" అని ఆయన వేరే పని చూసుకుని చీకటి పడే వేళకి వచ్చారు. తాళం తీసుకుని లోపలికి వచ్చి, ఆయనే నన్ను లేపారు. నా చెంప మీద సోఫా గుడ్డ అచ్చు పడిందని నవ్వారు కూడా.

బుధవారం వెళ్ళలేదు. గురువారమూ ఏదో పని అడ్డొచ్చింది.

శుక్రవారం ఆరాధన అయ్యాక దుర్గ పరుగున వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు. "మీవల్ల మా సత్యవతికి ప్రాణం లేచొచ్చిందండి ఆంటీగారు" అంది. నేను ప్రార్థన గురించి అనుకుంటోంది కాబోలనుకుని, అంతా దేవుడి దయమ్మా అన్నాను.

ఆ మాట అన్నాక గాని ఆమె అసలు సంగతి చెప్పలేదు. మంగళవారం మధ్యాహ్నం నేను ఆసుపత్రికి వెళ్ళానట. సత్యవతికి అన్నం తినిపించానట. చిక్కులు పడిపోయిన జుట్టు తీరిగ్గా దువ్వి జడ వేశానట. చూడవచ్చినవాళ్ళందరినీ పంపేసే వేళ దాటేదాకా మంచం పక్కనే ఉన్నానట.

అక్కడికక్కడే కాదని చెప్పాల్సింది. ఈలోగా పాస్టరుగారి భార్య వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "ఒక్కమాటైనా మాకు చెప్పలేదు చూడండి ఆంటీ" అంది. చుట్టూ అందరూ నన్నే చూస్తున్నారు. కుర్చీలు సర్దాలని చెప్పి పక్కకి తప్పుకున్నాను.

పైకి వచ్చాక మావారితో చెప్పాను. ఆయన తేలిగ్గా తీసుకున్నారు. "ఇంకో సంఘం ఆవిడెవరో వెళ్ళి ఉంటుంది. నువ్వు వస్తావని దుర్గ ముందే చెప్పింది కాబట్టి నువ్వే అనుకుని ఉంటారు. రేపు వెళ్ళి కనబడు, తేలిపోతుంది" అన్నారు. నాకూ అదే నిజం అనిపించింది. రాత్రి సుఖంగా నిద్రపోయాను.

శనివారం ఇద్దరం వెళ్ళాం. వార్డు గుమ్మంలోనే మలయాళీ నర్సు ఎదురైంది. నన్ను చూసి నవ్వి, హిందీలో, "అమ్మా, ఈ రోజు మాత్రం టైముకి వెళ్ళిపోవాలి. ఆ రోజు మీవల్ల నాకు మాట పడింది" అంది. నేను మావారి వంక చూశాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

సత్యవతి కిటికీ పక్క మంచం మీద ఉంది. నలభై దాటిన మనిషి, బాగా చిక్కిపోయింది. నేను ఎవరినో చెప్పకముందే చెయ్యి చాపింది.

"రండమ్మగారూ. మళ్ళీ ఒత్తారనుకోలేదండి."

కూర్చున్నాను. నువ్వు నన్ను చూడటం ఇదే మొదటిసారి కదమ్మా, మంగళవారం వచ్చింది వేరే ఎవరో అయి ఉంటారు అని నెమ్మదిగా చెప్పాను. ఆమె నేను పరాచికాలాడుతున్నాననుకుంది.

"అదేంటండీ అలాగంటారు? మీ ఎడం సెయ్యి సూపించండి. మోసేతి కాడ కాలిన మచ్చ ఉంటది. ట్రైనింగులో ఉన్నప్పుడు ఏన్నీళ్ళ గిన్నె ఒలికిందని మీరే కదా సెప్పేరు."

నేను ఎప్పుడూ మోచేతులు దాటిన జాకెట్లే వేసుకుంటాను. ఆ మచ్చ సంగతి ఈ దేశంలో మావారికి తప్ప ఎవరికీ తెలియదు. దుర్గకి కూడా తెలిసే అవకాశం లేదు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుండిపోయారు.

తర్వాత సత్యవతి గొంతు తగ్గించి చెప్పిన సంగతి వినకపోయినా బాగుండేది. ఆపరేషన్ అయ్యాక ఇంటి మేడమ్ ఖలాస్, ఇక నీకు పని లేదు అనేసింది, కాస్త లేవగానే ఊరికి పంపేస్తామని చెప్పింది. ఆ మాట భర్తకి ఫోన్లో చెబితే, కుంటిదానివై వచ్చి ఇక్కడ ఏం చేస్తావు అన్నాడట. ఆ రోజు నుంచి నర్సు ఇచ్చే మాత్రల్లో కొన్ని మింగకుండా దిండు కింద దాచుకుంటూ వచ్చింది. మంగళవారం సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక అన్నీ ఒకేసారి మింగేద్దామని అనుకుంది.

"జడేసేక మీరు సెయ్యి సాపి, ఆ దిండు కిందియి ఇలా ఇచ్చెయ్యమ్మా అన్నారు. నాను ఎవరికీ సెప్పలేదండి. దుర్గక్కూడా. మీకెలా తెలిసిందో మరి. ఇచ్చేసేనండి."

ఆ వేళకి నేను ఎలా ఉన్నానో నాకు తెలుసు. సోఫా మీద ఒళ్ళు మరిచి నిద్రపోతున్నాను. ఎవరూ రాకపోయి ఉంటే ఏమయ్యేదో కూడా తెలుసు.

ఆమెకి నిజం చెప్పాను. "సత్యవతీ, నేను రాలేదు. మాటిచ్చి కూడా రాలేదు. బద్ధకించి ఇంట్లో పడుకున్నాను." ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి, నేనే ఏదో బాధలో ఉన్నట్టు నా చెయ్యి నిమిరింది. "పోన్లెండమ్మగారూ. మీకు సెప్పుకోడం ఇట్టం లేకపోతే నానెవరికీ సెప్పను" అంది.

ఆ రాత్రి నా చేతిసంచి మంచం మీద బోర్లించి చూశాను. ఆ మాత్రలు అందులో ఉంటాయేమోనని వెతికాను. లేవు. లేనందుకు ఊరట కలగాలి కదా, కలగలేదు.

నేను ఆసుపత్రికి వెళ్ళి సేవ చేశానన్న సంగతి పాస్టరుగారి దాకా వెళ్ళింది. తర్వాతి శుక్రవారం సాక్ష్యం చెప్పమని మైకు నా చేతికిచ్చారు. దాపరికం లేకుండా అంతా చెప్పెయ్యాలని నిశ్చయించుకునే లేచాను. మాట ఇచ్చాననీ, వెళ్ళలేదనీ, మోకాళ్ళ నొప్పి అని అబద్ధం చెప్పి పడుకున్నాననీ చెప్పాను. మావారు కూడా లేచి, గేటు తాళం నేనే వేశాను, నేనే తీశాను, ఆవిడ ఇంట్లోనే ఉంది అన్నారు.

ఆయన కూర్చోగానే వెనక వరసలో ఎవరో హల్లెలూయా అన్నారు. అందరూ అందుకున్నారు. దేవుడు మన అమ్మగారి రూపంలో దూతను పంపాడని పాస్టరుగారు చెప్పారు. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు వరసకట్టి నా దగ్గరకొచ్చారు. ఒకావిడ కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. ఎంత తగ్గింపు మనసండీ మీది అన్నారు. అక్కడ నిలబడలేక, తలనొప్పి అని చెప్పి పైకి వచ్చేశాను. అదీ అబద్ధమే.

దూతే అయితే, వెళ్ళనిదాని రూపం ఎందుకు పెట్టుకోవాలి? ఈ సంఘంలో అడగకుండానే పరిగెత్తుకెళ్ళే మంచివాళ్ళు ఎందరో ఉన్నారు. ఈ ప్రశ్న మావారిని చాలాసార్లు అడిగాను. మొదట్లో ఏదో ఒకటి చెప్పేవారు. ఇప్పుడు ఆ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతారు.

సత్యవతి లేచి కర్ర సాయంతో నడవడం మొదలుపెట్టాక, ఇంటికి పంపించారు. ఊళ్ళో వాళ్ళ తమ్ముడు తన దగ్గర ఉంచుకుంటానన్నాడు. ఈసారి చెప్పిన రోజుకి, చెప్పిన వేళకంటే ముందే వెళ్ళి, నేనే ఆమెని విమానాశ్రయానికి తీసుకెళ్ళాను. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటి కప్పాను. లోపలికి తీసుకెళ్ళే మనిషి వచ్చేలోగా, అంతవరకు అడగలేకపోయిన ఒక మాట అడిగాను.

"సత్యవతీ, ఆ రోజు వెళ్ళిపోయేటప్పుడు నీతో ఏమన్నాను?"

ఆమెకి ఆ ప్రశ్న వింతగా అనిపించలేదు. కొంచెం ఆలోచించి చెప్పింది.

"ఎక్కువేం మాటాడలేదండి. గుమ్మం దాకా ఎల్లి మళ్ళీ ఎనక్కొచ్చేరు. నా తల మీద సెయ్యేసి, రావడం ఆలస్యమైపోయిందమ్మా, ఏవనుకోకు అన్నారు. బాగా ఏడ్సేరండి. ఎందుకేడుత్తన్నారో నాకు తెలీలేదు."

కుర్చీ తోసుకుపోయే అతను వచ్చి యల్లా, పదండి అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూనే లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం నాకు ఏ కలా రాలేదు. వచ్చి ఉంటే గుర్తుండేది, అప్పుడు ఈ కథకి ఏదో ఒక అర్థమైనా చెప్పుకునేదాన్ని. నర్సుకి కనబడింది ఎవరో, సత్యవతి జడ వేసిన చేతులు ఎవరివో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా సరే, ఆమె పక్కన కూర్చుని నేను పడాల్సిన సిగ్గు నాకంటే ముందే పడి వెళ్ళారని మాత్రం అనుకుంటాను. అది కూడా నా ఊహే.