గంట కొట్టే కూలరూ, మా బాబాయి పేటెంటూ

ఆ రోజుల్లో నాకు తెలిసిన ఆస్తులు రెండే రకాలు. కాళ్ల కింద ఉండేవి, బీరువాలో ఉండేవి. మనిషి బుర్రలో పుట్టిన ఆలోచనకి కూడా హద్దురాళ్లు పాతుకోవచ్చనీ, నోటితో పలికే ఒక పేరు చుట్టూ కంచె వేసుకోవచ్చనీ ఎవరైనా చెబితే నవ్వి ఊరుకునేదాన్ని. నువ్వు లా చదివావు కదా అంటారేమో, చదివాను. (ఈ సంగతులు చెప్పే పేపరు మా కాలేజీలో ఇష్టమైతే తీసుకోవచ్చు, లేకపోతే లేదు. సులువుగా ఉంటుందని నేను ఇంకోటి తీసుకున్నాను. అదీ సులువుగా లేదు.) పరీక్షలు గట్టెక్కి, రాయపూర్‌లో ఒక పెద్ద వకీల్ సాబ్ దగ్గర జూనియర్‌గా చేరాను. జూనియర్ అంటే వాయిదాలు అడగడం, ఫైళ్లు మోయడం, ఆయన కళ్లజోడు ఎక్కడ పెట్టారో గుర్తుంచుకోవడం. అలా ఉండగా నయా రాయపూర్‌లో పేటెంట్లూ ట్రేడ్‌మార్కుల మీద రెండు రోజుల శిక్షణ ఉందని పిలుపొచ్చింది. ఆఫీసులో ఒక్కరూ కదల్లేదు. అప్పట్లో అక్కడ విమానం దిగేంత వెడల్పు రోడ్లు ఉండేవి, ఎంత దూరం నడిచినా టీ కొట్టు ఉండేది కాదు. వకీల్ సాబ్ నా వైపు చూసి, "తూ చలీ జా బేటీ, ఏసీ బాగుంటుందట" అన్నారు. నేను ఏసీ కోసమే వెళ్లాను.

ముంబై నుంచి వచ్చిన ఒక మేడమ్ వేదిక మీద నిలబడి, చేతిలో ఉన్న మామూలు బాల్‌పెన్ను పైకెత్తి, "ఇందులో ఎంతమంది బుర్రలున్నాయో చెప్పండి" అంది. ఆవిడ పెన్ను విప్పి ఒక్కో ముక్కా బల్ల మీద పెడుతూ చెప్పుకుపోయింది. మొనలో తిరిగే ఆ చిన్న గోళీ ఒకరి ఆలోచన. కారకుండా, ఎండకుండా ఉండే సిరా ఇంకొకరిది. జేబుకి తగిలించుకునే కొక్కెం మరొకరిది. పిల్లాడెవడైనా మింగినా ఊపిరి ఆడాలని మూతకి బెజ్జం పెట్టినవాడు వేరొకడు. పైన ఉన్న పేరు ట్రేడ్‌మార్కు, చూడముచ్చటైన ఆ ఆకారం డిజైను. పదేళ్లపాటు పరీక్షల్లో నేను నమిలి పారేసిన పెన్నుల్లో ఇంతమంది కాపురం ఉన్నారా! ఆ సాయంత్రం ఇంటికొచ్చి కుక్కర్ ముందు కూర్చున్నాను. రబ్బరు వలయం ఒకరు, ఆవిరి ఆపే బరువు ఒకరు, కాలని పిడి ఒకరు అనుకుంటూ అలా చూస్తూనే ఉన్నాను. అమ్మ గరిటె పట్టుకుని వచ్చి, "మొన్న పెళ్లిచూపులకొచ్చిన అబ్బాయిని కూడా ఇంత శ్రద్ధగా చూడలేదు కదే!" అంది.

రెండో రోజు మధ్యాహ్నం మేడమ్ ఇంకో మాట చెప్పింది. కొత్త వస్తువు కనిపెట్టినవాడు దరఖాస్తు పెట్టకముందే దాని గుట్టు నలుగురికీ చెప్పేస్తే, అది కొత్తది కాకుండా పోతుందట, ఆ తర్వాత పేటెంటు రావడం కష్టమట. ఆ మాట వినగానే నాకు పానా బాబాయి గుర్తొచ్చాడు.

పానా బాబాయి అంటే మా నాన్న తమ్ముడు. విజయనగరం వైపు నుంచి వచ్చి రైల్వేలో చేరిన కుటుంబం మాది. బాబాయి వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న పానా ఉంటుంది కాబట్టి కాలనీలో హిందీవాళ్లకి కూడా ఆయన 'పానా బాబాయే'. రాయపూర్ ఎండల్లో కూలర్ లేని ఇల్లుండదు. గొట్టం పెట్టి మరిచిపోతే ఇల్లంతా చెరువు, తొట్టి ఎండిపోతే నిద్రలో వేడిగాలి. అలా పొంగిన నీళ్లకి ఒకసారి పిన్ని బియ్యం బస్తా తడిసింది. ఆవిడ అన్న మాటలు భరించలేక బాబాయి ఒక ప్లాస్టిక్ బంతి, ఒక ఇత్తడి కడ్డీ, ఒక సైకిల్ గంట కలిపి ఒక పరికరం చేశాడు. తొట్టి నిండగానే కడ్డీ గొట్టాన్ని నొక్కి నీళ్లు ఆపుతుంది. నీళ్లు అడుగంటగానే ట్రింగ్‌మని గంట కొడుతుంది. దాన్ని ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ చూపించకుండా దాచాడు, ఎందుకంటే కాలనీ మైదానంలో ఉగాది సభలో అందరి ముందూ ఒకేసారి మూత తీసి చూపించాలని ఆయన కోరిక. ధర్సీవా వైపు కూలర్లు తయారుచేసే ఒక సేఠ్‌ని ముఖ్య అతిథిగా పిలిచారు కూడా. ఆ సభ ఆ సాయంత్రమే.

మేడమ్‌కి చెప్పకుండానే హాల్లోంచి బయటపడ్డాను. బస్సు అందుకుని, దిగి, ఆటో ఎక్కి, మైదానం దగ్గర దిగేసరికి బాబాయి వేదిక మీద తన కూలర్ పక్కన మైకు పట్టుకుని ఉన్నాడు. "ఇప్పుడు మూత తీసి, లోపల కడ్డీ ఏ కోణంలో వంచానో, ఎందుకు వంచానో..." అంటున్నాడు. "బాబాయ్, తియ్యకు!" అని అరుస్తూ కుర్చీల మధ్యనుంచి పరిగెత్తి వేదికెక్కి, నా చున్నీ తీసి కూలర్ మీద కప్పేశాను. "ఏటే బుల్లీ, ఏటైంది?" అని బాబాయి అడిగింది మైకులో మైదానమంతా వినబడింది. ముందు వరసలో సేఠ్ లేచి, "క్యా హువా?" అన్నాడు. పేటెంటు చట్టం అక్కడ నిలబడి ఎలా చెప్పను? నోటికొచ్చింది అనేశాను: "ముహూరత్ నహీ హై, సేఠ్‌జీ!" అంతే, మైదానం మొత్తం ఒప్పేసుకుంది. సేఠ్ చేతులు జోడించి, "అచ్ఛా కియా బేటీ, ముందే చెప్పావు" అని కూర్చున్నాడు. (పిన్ని మాత్రం ఇంటికెళ్లి పంచాంగం తీసి, "ఇవాళంతా దివ్యంగా ఉందే, ఎవడు చెప్పాడు నీకు?" అని నిలదీసింది.)

దరఖాస్తు పెట్టేదాకా ఎవరితోనూ మాట్లాడకూడదని బాబాయి చేత ఒట్టు వేయించుకున్నాను. కూలర్ గురించి మాట్లాడకూడదని నా ఉద్దేశం. ఆయన అసలు మాట్లాడకూడదని అర్థం చేసుకున్నాడు, ఎందుకంటే నోరు తెరిస్తే ఆయనకి కూలర్ తప్ప ఇంకో మాట రావడం లేదు. షాపులో పంటి నొప్పి అనుకుని ఎవరో లవంగ నూనె తెచ్చిచ్చారట. పిన్ని రెండు రోజులు సంతోషించి, మూడో రోజు భయపడి, "మనిషిని మళ్లీ మాట్లాడించవే తల్లీ, ఇల్లు బావురుమంటోంది" అని నా దగ్గరికొచ్చింది.

దరఖాస్తు సంగతి చెబితే వకీల్ సాబ్ కళ్లజోడు పైకి తోసుకుని, "ముందు వెతుకు. లోకంలో ఇంకెవరికీ తట్టలేదని నీకెలా తెలుసు?" అన్నారు. ఆఫీసులో ఒక మూల ఉన్న పాత కంప్యూటర్ ముందు కూర్చుని, దేశదేశాల పేటెంట్లు వెతకడం మొదలుపెట్టాను. ఏం చెప్పను! మనుషులకి ఉన్న ప్రతి చిన్న బాధకీ అక్కడొక బొమ్మ ఉంది. సూప్‌లో మీసం తడవకుండా ఒక తొడుగు, కోళ్లు పొడుచుకోకుండా వాటికి కళ్లజోడు, ఏడ్చే పిల్లని ఊపే ఉయ్యాల. ఒక్కో బొమ్మ వెనకా ఒక నిద్రపట్టని మనిషి కనబడేవాడు. ఇంటికి వెళ్లాలని గుర్తుండేది కాదు. గుడిలో కూడా నేను అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ కూర్చోలేదు. అలా వెతుకుతూండగా ఒక మధ్యాహ్నం అది కనబడింది. ఎక్కడో చలిదేశంలో, మా తాతగారు కూడా పుట్టకముందు, ఒక రైతు పశువుల నీళ్లతొట్టికి పెట్టిన పరికరం. బంతి, కడ్డీ, గంట. నిండితే ఆగుతుంది, అడుగంటితే మోగుతుంది.

ఆ కాగితం ప్రింటు తీసుకుని బాబాయి ఇంటికి వెళ్లాను. పేపర్లో ఫొటో పడుతుందని పిన్ని చీర కూడా ఎంచి పెట్టుకుంది. బాబాయి కాగితాన్ని నేల మీద పరిచి, బోర్లా పడుకుని చూశాడు. నేను ఎదురుగా కూర్చుని, ఎలా ఓదార్చాలా అని ఆలోచిస్తున్నాను. ఆయన తల ఎత్తాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"బుల్లీ, ఇక్కడ చూడవే. ఈ మడత బందు దగ్గర అడ్డంగా చిన్న మేకు పెట్టాడు. ఎందుకో తెలుసా? నీళ్లు కదిలినప్పుడల్లా ఊరికే గంట మోగిపోయుంటుంది. నాకూ అలాగే మోగేది. మీ పిన్ని తిట్టింది. వీడికీ ఎవరో తిట్టేవాళ్లు ఉండుంటారు!"

"బాబాయ్, అంటే ఇది కొత్తది కాదని. మనకి పేటెంటు రాదని."

"అది సరేలే. ఇతను ఉన్నాడా?"

"ఎప్పుడో పోయుంటాడు."

బాబాయి ఆ బొమ్మ మీద అరచెయ్యి ఆనించాడు. "ఎక్కడి మనిషి! నా భాష రాదు, నా ఎండ తెలీదు. అయినా ఇద్దరం ఒకే చోట ఆగి ఆలోచించాం" అన్నాడు. తర్వాత, "ఇప్పుడిది ఎవరిది?" అని అడిగాడు. గడువు ఎప్పుడో తీరిపోయిందనీ, తీరాక అది లోకానిదే అవుతుందనీ చెప్పాను. "లోకానిదంటే నాది కూడానా?" అన్నాడు. అవునన్నాను. "మరి ఏడుపు మొహం వేసుకుని చెబుతావేటే!" అని లేచి, పిన్నిని టీ పెట్టమన్నాడు. శిక్షణలో మేడమ్ చెప్పిన ఆ గడువు సూత్రాన్ని నేను పుస్తకంలో రాసుకున్నాను గానీ, ఎవడి ఆలోచనైనా కొంతకాలమే వాడిదనీ, ఆ తర్వాత ఏ ఊరి ఫిట్టరైనా దాన్ని వారసుడిలా అందుకోవచ్చనీ, అది ఎంత పెద్ద ఏర్పాటో నాకు ఆ రోజు, ఆ నేల మీద కూర్చునే అర్థమైంది.

పరికరం అందరిదీ అయినా పేరు మనదే పెట్టుకోవచ్చు అన్నాను. దాంతో పేర్ల జాతర మొదలైంది. బాబాయి వరసగా దేవుళ్లందరినీ తలిచాడు. ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీలో వెతికితే ఏ దేవుడూ ఖాళీగా లేడు. ఒకాయన సిమెంటుకి వెళ్లాడు, ఒకావిడ సబ్బుకి, హనుమంతుడైతే ఎన్ని సరుకులు మోస్తున్నాడో లెక్కలేదు. 'కూలర్ గంట' అన్నాడు. సరుకు ఏమిటో ఉన్నదున్నట్టు చెప్పే పేరు ఒక్కడికే ఇవ్వరని చెప్పాను. "నా పేరు పెట్టండి" అంది పిన్ని. "నీ పేరు పెడితే నిండినా ఆగదు" అన్నాడు బాబాయి. (ఆ పూట ఆయన అన్నం తానే వడ్డించుకున్నాడు.) సరిగ్గా అప్పుడే కిటికీలో కూలర్ ట్రింగ్‌మంది. గోడ అవతలనుంచి ఛత్తీస్‌గఢీ పక్కింటావిడ ఉలిక్కిపడి, "కా హోగే?" అని కేకేసింది. ఏమైంది అని అర్థం. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రిజిస్ట్రీలో వెతికాను. 'కాహోగే' లోకంలో ఎవరికీ లేదు.

దరఖాస్తు పెట్టాం. ఆ మాట ఏ భాష, అర్థమేమిటి అని రాయాల్సిన చోట నేను రాసింది చూసి వకీల్ సాబ్ కుర్చీలో ఊగి ఊగి నవ్వారు. చాలాకాలం ఎదురుచూశాక సర్టిఫికెట్ వచ్చింది. సేఠ్ మంచి ముహూర్తం చూసుకుని, తన షెడ్డులో ఆ పేరుతో పరికరాలు చేయడం మొదలుపెట్టాడు. మేడలు కట్టేంత కాదు గానీ, వేసవి వేసవికీ బాగానే అమ్ముడుపోయాయి. రిజిస్టరైన పేరు పక్కన వృత్తంలో ఆర్ అక్షరం పెట్టుకోవచ్చని నేను చెప్పడమే ఆలస్యం, బాబాయి ఎర్ర రంగుతో దాన్ని స్కూటర్ మీదా, టిఫిన్ డబ్బా మీదా, ఇడ్లీ పాత్ర మీదా వేసేశాడు. రిజిస్టర్ కాని వాటిమీద వేస్తే నేరమని అరిచేసరికి గరుకు కాగితం తీసుకుని అన్నీ గీకుతూ కూర్చున్నాడు. "నా నుదుటి మీద వెయ్యలేదు, నయం" అంది పిన్ని.

ఇప్పుడు నా పని పూర్తిగా ఇదే. పేర్లకి కంచెలు వేయడం, కంచె దూకినవాళ్లకి నోటీసులివ్వడం. మొన్న వేసవిలో టాటీబంధ్ చౌరస్తాలో ఒక ఢాబాలో టీ తాగుతూంటే, మూల ఉన్న కూలర్ గంట కొట్టింది. "అరే, కాహోగే బజిస్, పానీ డార్!" అని యజమాని లోపలికి కేకేశాడు, కాహోగే మోగింది, నీళ్లు పొయ్యమని. లేచి వెళ్లి చూశాను. అది మాది కాదు, ఎవరో చేసిన నకలు. కంపెనీ పేరు కాస్తా వస్తువు పేరైపోతే దానిమీద హక్కే పోవచ్చు, మా వృత్తిలో అది ప్రమాద ఘంటిక. మేడమ్ దగ్గర అప్పుడే నేర్చుకుని, పరిగెత్తి కూలర్ మీద చున్నీ కప్పిన ఆనాటి పిల్లే అయి ఉంటే, అక్కడే స్టూలెక్కి ఆ ఢాబా యజమానికి చట్టమంతా వినిపించి ఉండేది. నేను బాబాయికి ఫోన్ చేశాను.

"మనది కాదా? అయినా కాహోగే అనే అన్నాడా?" అని రెండుసార్లు అడిగి, "గంట బాగా మోగుతోందా?" అన్నాడు.

"మోగుతోంది బాబాయ్."

"అయితే ఊరుకో" అన్నాడు. ఊరుకున్నాను. ఆ చున్నీ పిల్ల తలపుకొచ్చి నవ్వుకుంటూ, ఇంకో టీ చెప్పి కూర్చున్నాను.