గోడలు నాకిన మా ఆవు

మొన్న బంజారా హిల్స్ ఆసుపత్రిలో డాక్టరమ్మ నా రిపోర్టులు చూసి, జింకు తక్కువ, రాగి తక్కువ అంటూ చీటీ నిండా మాత్రలు రాస్తుంటే నాకు నవ్వాగలేదు. పక్కనున్న మా కోడలు కంగారుపడింది గానీ, ఇవే లోపాలు ఒకప్పుడు షేక్‌పేటలో మా ఆవుకు ఉండేవంటే నమ్ముతుందా!

ఫిల్మ్‌నగర్‌లో బండలు పగలగొట్టి బంగళాలు కడుతున్న రోజులవి. గృహప్రవేశానికి ముందుగా ఆవు గడప దాటాలి కదా, ఆ చుట్టుపక్కల మచ్చికైనది మాదే కాబట్టి నాయన దానికి పసుపు రాసి, కొమ్ములకు పూలు చుట్టి తోలుకుపోయేవాడు. ఒక దర్శకుడి ఇంట్లో అది అడుగుపెట్టీ పెట్టగానే కొత్త సున్నం గోడను గరగరా నాకి మరక చేసింది. ఇంటాయన ముఖం చిట్లించేలోపే పంతులుగారు, గోమాత నాకిన గోడను లక్ష్మి వదలదని అనేశారు, పాపం దక్షిణ ఇంకా చేతికి రాలేదు మరి. ఆ దర్శకుడి సినిమా ఆడింది. ఇంకేముంది, సినిమావాళ్ల సెంటిమెంటు మీకు తెలియనిదా, గోడ నాకే ఆవు కోసం జూబ్లీ హిల్స్ కార్లు మా గల్లీలోకి దిగాయి, మా నాయన తలపాగా చుట్టే తీరే మారిపోయింది.

అమ్మ దిగులు వేరు. ఆవు ఈని ఏడాది దాటినా మళ్లీ ఎదకు రాలేదు, పాలు అడుగంటాయి, ఇలాగే ఉంటే బేరగాడికి అమ్మక తప్పదని ఆమెకు అన్నం సహించేది కాదు. పశువుల డాక్టరు వచ్చి దాని నాలుకా కళ్లూ చూసి, గోడలూ గుడ్డలూ నాకడం మహిమా కాదు మన్నూ కాదు, ఒంట్లో ఖనిజ లవణాలు లేకనేనని తేల్చి, ఒక పొడి ఇచ్చి రోజూ దాణాలో కలపమన్నాడు. నాకుడు మానుతుంది, చూలూ కడుతుందట. వరసగా సినిమాలు పోయిన ఒక నిర్మాతకు మాటిచ్చి ఉన్నాడాయె నాయన, ఆ ఇల్లు అయ్యేదాకా పొడి వద్దన్నాడు. అమ్మ తవుడు కలుపుతూ తలైనా ఎత్తలేదు.

“గోడ నాకితె ఆళ్లింట్ల లచ్మి. దూడ పుడితె మనింట్ల లచ్మి. నీకేది గావాలె?”

అమ్మ ఆ పూటే పొడి మొదలుపెట్టేసింది.

నిర్మాతగారింటికి నేనూ వెళ్లాను. ఆవు హుందాగా నడిచి హాలు మధ్యలో నిలబడింది, గోడ వంక చూస్తే ఒట్టు. నాయన మెడ నిమిరాడు, బతిమాలాడు, చాటుగా గోడకు ఉప్పునీళ్లు కూడా చల్లాడు, అది మాత్రం వెనక్కి తిరిగి గుమ్మం పక్కన కట్టిన అరటి పిలకను తీరిగ్గా మేసింది. ఆ పెద్దమనిషికి కళ్లనీళ్లు తిరిగాయి.

“మా ఇల్లు దానికి నచ్చలేదాండీ?”

నాయనకు తల కొట్టేసినట్టయింది. విచిత్రమేమిటంటే ఆ నిర్మాత తర్వాతి సినిమా బ్రహ్మాండంగా ఆడింది, దాంతో గోడ నాకని ఆవే కావాలంటూ మళ్లీ కార్లు! అప్పటికది నిండు చూలు, అమ్మ కొట్టం వాకిలికి అడ్డం నిలబడి ఒక్కరినీ దగ్గరకు రానివ్వలేదు. పెయ్యదూడ పుట్టాక జున్ను పట్టుకుని గల్లీ గల్లీ తిరిగింది మాత్రం నాయనే.

ఆవు నాకిన బంగళాలు ఇప్పుడొక్కటీ లేవు, పడగొట్టి అంతస్తుల మీద అంతస్తులు లేపారు, లక్ష్మి ఏ అంతస్తులో ఉందో నాకు తెలియదు. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ పెయ్యా దాని సంతానమే మమ్మల్ని సాకాయి. పాలగ్లాసు నోటికెత్తేముందు, ఆవు తిన్నదా అని అడిగేది మా అమ్మ. ఇప్పుడు పొట్లం కత్తిరించి పాలు కాచుకుంటూ, అడుగుదామన్నా ఎవరిని అడగాలో తోచక ఊరుకుంటున్నాను.